ద్వాదశకాళీ విచారము – క్రమదర్శనమున నామ, సంఖ్యా, అర్చన మీమాంస

ఉపోద్ఘాతము

ఉగ్రదేవత లనేకరూపములతో ఆరాధింపబడుట ఆగమములన్నింటను కన్పట్టు విషయమే. భైరవు లెనమండుగురు, రుద్రు లేకాదశులు, మాతృక లేడ్గురు అను గణనములు సుప్రసిద్ధములు. ఈ గణనములలో పెక్కింటికి ప్రతిరూపమునకును వేఱువేఱు వర్ణము, ఆయుధము, వాహనము నిర్దేశింపబడినవి. కాశ్మీరదేశమున క్రీస్తుశకము 9వ శతాబ్దినుండి ప్రకాశించిన క్రమసంప్రదాయమున చెప్పబడిన ద్వాదశకాళీగణన మట్టిది కాదు. ఇందు ప్రతికాళియు జ్ఞానవ్యాపారమున ఒక దశకు పేరు. ఆయుధభేదముచేత కాక వ్యాపారభేదముచేత ఈ రూపములు భిన్నము లగుచున్నవి. ఈ భేదము గుర్తింపబడనిచో పండ్రెండు ఘోరమూర్తులను ఊహించుకొని భయపడుటయో, ఘోరమును నెపముగా గొని ఆచారమును విడుచుటయో సంభవించును. రెండును ఈ దర్శనమునకు దూరము లని నిరూపించుట ప్రస్తుతవ్యాసప్రయోజనము.

సంప్రదాయ పరంపర

క్రమమునకే మహార్థ మనియు, మహానయ మనియు నామాంతరములు. ఉత్తరపీఠమైన ఓడ్డియానమున జ్ఞాననేత్రునకు, అనగా శివానందనాథునకు, యోగినులవలన ఈ విద్య లభించినట్లు సాంప్రదాయికులు చెప్పుదురు. కాళికాస్తోత్ర మాతని రచన. ఆతని శిష్యురాండ్రలో కేయూరవతి ముఖ్యురాలు. ఆమెవలన గోవిందరాజు, భానుకుడు, ఏరకుడు ఈ విద్యను గ్రహించిరి. విద్యాసంప్రదానమున స్త్రీలు గురుస్థానమున నుండుట ఈ పరంపర విశేషము. కాళీకులక్రమసద్భావము, కాళీకులపంచశతికము, దేవీద్వ్యర్ధశతిక మున్నగునవి దీనికి ఆగమగ్రంథములు. మహానయప్రకాశ మను పేరుతో మూడు భిన్నగ్రంథము లున్నవి. అర్ణసింహుని దొకటి, అనంతశయనమున ముద్రితమైన అజ్ఞాతకర్తృకము వేఱొకటి, శితికంఠుని దింకొకటి. శితికంఠుడు మూలమును ప్రాచీనకాశ్మీరభాషలోను, వృత్తిని సంస్కృతములోను రచించెను.

అభినవగుప్తాచార్యుడు క్రమవిద్యను భూతిరాజువలన పొందెను. ఆతని క్రమస్తోత్రము లౌకికసంవత్సరము 66, అనగా సుమారు క్రీ.శ. 990-91లో రచితము. ఇదికాక ప్రాచీనమైన మఱియొక క్రమస్తోత్రమునకు ఆచార్యుడు క్రమకేళి యను వ్యాఖ్య రచించెను. ఆ వ్యాఖ్య నేడు లభింపదు. జయరథ, క్షేమరాజ, మహేశ్వరానందుల ఉల్లేఖములవలననే దాని స్వరూపము కొంత తెలియుచున్నది. కావున ద్వాదశకాళీవిషయమున ప్రధానాధారము తంత్రాలోక చతుర్థాహ్నికము, దానిపై 13వ శతాబ్దివాడైన జయరథుని వివేకవ్యాఖ్య. సవ్యాఖ్యమగు తంత్రాలోకము కాశ్మీర సంస్కృతగ్రంథావళిలో 1918 మొదలు 1938 వఱకు పండ్రెండు సంపుటములుగా వెలువడుటతో ఈ విచారమునకు ద్వారము తెఱువబడినది. కాంతిచంద్ర పాండేయుని 1935 నాటి అభినవగుప్తగ్రంథమును, నవజీవన రస్తోగి 1979లో ప్రకటించిన క్రమతంత్రాధ్యయనమును ఆధునికపరిశోధనలలో గణనీయములు.

చతుర్థాహ్నికము శాక్తోపాయప్రకరణము. వికల్పము సంస్కృతమై క్రమముగా శుద్ధవిద్యగా పరిణమించుట అందలి ముఖ్యవిషయము. ఈ ప్రకరణముననే కాళీచక్రము చెప్పబడుట గమనింపదగినది. బాహ్యక్రియావిధానము ప్రధానమైన ఆణవోపాయమున కాక, జ్ఞానప్రధానమైన శాక్తోపాయమున కాళీచక్రమును నిలుపుటచేతనే ఆచార్యుని ఆశయము స్పష్టమగుచున్నది.

కాళీశబ్ద విచారము

కాళి యను పదమునకు అర్థమేమి? ఇచ్చట వైయాకరణుల పూర్వపక్షము బలవత్తరము. పాణినీయమున చతుర్థాధ్యాయ ప్రథమపాదమున 42వ సూత్రము జానపదాదిశబ్దములకు అర్థవిశేషములందు ఙీష్ ప్రత్యయమును విధించుచున్నది. ఆ సూత్రముననుసరించి కాలశబ్దము వర్ణవాచియైనపుడే ఙీష్ ప్రాప్తించి కాలీ యను రూపము సిద్ధించును. అన్యార్థమున టాప్ కలిగి కాలా యనియే యగును. దాక్షిణాత్యలేఖనమున లకారమునకు ళకారము వచ్చుట ప్రక్రియకు బాధకము కాదు. కావున కాళి యనగా నల్లనిది యనియే అర్థము, క్రమాచార్యులు చెప్పిన ధాత్వర్థములు శబ్దశాస్త్రవిరుద్ధములు అని ఆక్షేపము.

దీనికి మొదటి సమాధానము పుంయోగసూత్రమువలన లభించును. ఆ పాదముననే 48వ సూత్రముచేత కాలుని స్త్రీ కాళి యని వర్ణార్థము లేకయే ఙీష్ సాధింపవచ్చును. రూపసిద్ధికి ఇది చాలును. కాని అర్థమున కిది చాలదు. పుంయోగమున స్త్రీకి పేరు పురుషుని సంబంధమువలన వచ్చును. క్రమదర్శనమున ఏకాదశకాళియైన మహాకాలకాళి మహాకాలునే తనయందు లయింపజేయును. లయింపజేయునది లయింపబడువాని సంబంధముచేత పేరు పొందినదనుట దర్శనహృదయమునకు విరుద్ధము.

కావున రెండవ సమాధాన మావశ్యకము. రూపసాధనము వేఱు, నిర్వచనము వేఱు. యాస్కుడు అర్థమును ప్రధానముగా గొని నిర్వచింపవలెనని నిరుక్తమున ప్రతిపాదించెను. సంజ్ఞాశబ్దమునకు రూపము ఏ సూత్రమున సిద్ధించినను, శాస్త్రకారుడు స్వదర్శనానుగుణముగా ధాత్వర్థమును చూపుట దోషము కాదు. పైగా ఆచార్యుడు చూపిన అర్థములు స్వకపోలకల్పితములు కావు. ధాతుపాఠమున కల ధాతువు భ్వాదిగణమున శబ్ద, సంఖ్యానములందును, చురాదిగణమున ఒకచో క్షేపమునందును, మఱియొకచో గతి, సంఖ్యానములందును పఠింపబడినది. గత్యర్థకములు జ్ఞానార్థకములు కూడ నను శాబ్దికన్యాయమువలన జ్ఞానార్థమును సిద్ధించును. క్షేపము, జ్ఞానము, సంఖ్యానము, గతి, నాదము అని ఆచార్యుడు చెప్పిన అయిదర్థములు సరిగా ఇవియే. శబ్దార్థమే ఇచ్చట నాద మైనది.

ఈ అయిదర్థములకు తంత్రాలోకమున చెప్పబడిన వివరణము సంగ్రహముగా నిట్లున్నది. తననుండి విశ్వమును వేఱుచేసి వెలిబుచ్చుట క్షేపము. అట్లు వేఱైనదానిని వికల్పము లేక గ్రహించుట జ్ఞానము. ఇది ఘటము, పటము కాదు అని అన్యమునుండి విడదీసి నిశ్చయించుట సంఖ్యానము. అద్దమునందు ప్రతిబింబమువలె భేదితమైనది తిరిగి స్వరూపమునందే ఆరోహించుట గతి. ఆ భేదములన్నియు తొలగగా స్వాత్మపరామర్శమాత్రము శేషించుట నాదము. ఒకే ధాతువునందు సృష్టి మొదలు లయానంతరస్థితివఱకు సమస్తవ్యాపారము ఇమిడియున్నది. కాలసంకర్షిణి యను నామము కూడ ఈ అర్థమునే దృఢపఱచుచున్నది. కాలమును తనలోనికి ఆకర్షించునది కాలవర్ణమాత్రముచేత పరిచేయ కాజాలదు.

ద్వాదశనామ వివరణము

పండ్రెండు సంఖ్యకు ఆధారము పన్నికయే. ప్రమేయము, ప్రమాణము, ప్రమాత అను మూడింటిలో ఒక్కొక్కదానికి సృష్టి, స్థితి, సంహారము, అనాఖ్య అను నాలుగు దశ లుండును. మూడు నాలుగులు పండ్రెండు. అనాఖ్య యనగా పేరు పెట్టుటకు వీలుకాని తురీయదశ. ప్రమేయము సోమాత్మకము, ప్రమాణము సూర్యాత్మకము, ప్రమాత అగ్న్యాత్మకము అనునది పరిభాష.

ప్రమేయచతుష్టయమున మొదటిది సృష్టికాళి. విషయము వెలికి రాకముందు సంవిత్తునందు కలుగు తొలి ఉన్ముఖత ఈమె. రెండవది రక్తకాళి. ఇంద్రియద్వారమున వెలువడిన సంవిత్తు విషయముచేత రంజితమై అందు నిలుచుట ఈమె వ్యాపారము. మూడవది స్థితినాశకాళి. తెలిసికొంటిని అను తృప్తితో విషయము లోనికి ఉపసంహరింపబడును. నాల్గవది యమకాళి. యము డనగా ఇచ్చట నియమనరూపమైన శంక. ఇది చేయదగినది, ఇది చేయరానిది అను సంశయమును ఈమె విప్పారజేసి తిరిగి మ్రింగును.

ప్రమాణచతుష్టయమున మొదటిది సంహారకాళి. శంక తొలగగా భావము లన్నియు నాకు భిన్నములు కావు అని చిదగ్నియందు లీనములగును. రెండవది మృత్యుకాళి. సంహరించితి నను అభిమానలేశ మింకను మిగిలియుండును. దానిని గూడ ఈమె గ్రసించును. సంహారమునకే మృత్యువు కావున ఈమె మృత్యుకాళి. మూడవది రుద్రకాళి, భద్రకాళి యనియు పాఠము. అణగియున్న కర్మసంస్కారమును ముందు అడ్డగించి గట్టిపఱచి, పిదప కరగించును. రోధన, ద్రావణములవలన రుద్ర యను నిర్వచనము ఈ రెండువ్యాపారములను పట్టిచూపుచున్నది. భేదమును ద్రవింపజేయుటచేత భద్ర యనుటయు అట్టిదే. నాల్గవది మార్తాండకాళి. జ్ఞానేంద్రియములు అయిదు, కర్మేంద్రియములు అయిదు, మనస్సు, బుద్ధి అను పండ్రెండును ద్వాదశాదిత్యులవంటివి. వానిని అహంకారమునందు ఈమె లయింపజేయును.

ప్రమాతృచతుష్టయమున పరమార్కకాళి ఆ అహంకారమనెడి పరమసూర్యుని పరిమితప్రమాతయందును, కాలాగ్నిరుద్రకాళి ఆ పరిమితప్రమాతను దేశకాలపరిచ్ఛేదము లేని మహాకాలునియందును, మహాకాలకాళి ఆ మహాకాలుని అహంతను గూడ అకులధామమునందును లయింపజేయుదురు. పండ్రెండవది మహాభైరవఘోరచండకాళి. ప్రమాత, ప్రమాణము, ప్రమేయము, ప్రమ అను విభాగ మెంతమాత్రము లేని పూర్ణసంవిత్తు ఈమెయే.

ఇచ్చట ఒక సమాసవిచార మావశ్యకము. మార్తాండకాళి యనగా సూర్యరూపిణియైన కాళి యని కర్మధారయముగా కొందఱు గ్రహింతురు. వ్యాఖ్యానరీతిననుసరించి మార్తాండుని కలనము చేయునది యను షష్ఠీసమాసార్థమే పొసగుచున్నది. యమకాళి, మృత్యుకాళి, పరమార్కకాళి, కాలాగ్నిరుద్రకాళి, మహాకాలకాళి అను నామములందును ఇదియే రీతి. పూర్వపదము గ్రాస్యమును, ఉత్తరపదము గ్రసించుదానిని చెప్పుచున్నవి. రక్తకాళి యందు మాత్రము రక్తత్వము దేవికే విశేషణము. కావున నామము లన్నింటికి ఒకే విగ్రహవాక్యమును చెప్పుట యుక్తము కాదు. సమాసము తప్పినచో గ్రాస్యమే దేవతగా తోచును. పాఠము చెప్పునపుడు ఈ అంశమున జాగ్రత్త అవసరము.

ఉగ్రత్వ స్వరూపము

ఈ క్రమమును పరిశీలించినచో దేవియొక్క ఉగ్రత్వ మేమియో తెలియును. ఆమె మ్రింగునది మొదట విషయమును, పిదప విషయమును గూర్చిన శంకను, పిదప మ్రింగితి నను అభిమానమును, చివరకు మ్రింగుచున్నవానిని. ప్రతిదశయందును ముందుదశలో గ్రసించినది తరువాతిదశలో గ్రాస్య మగుచున్నది. శేష మెచ్చటను మిగులదు. క్షేమరాజు ప్రత్యభిజ్ఞాహృదయమున మహార్థదృష్టితో పంచకృత్యములను ఆభాసనము, రక్తి, విమర్శనము, బీజావస్థాపనము, విలాపనము అని నిరూపించెను. బీజముగా మిగిలిన సంస్కారము మరల సంసారమున మొలకెత్తగలదు. దానిని హఠపాకమున చిదగ్నియందు దగ్ధము చేయుట, అలంగ్రాసమున నిశ్శేషముగా కబళించుట ఆతడు చెప్పెను. ఈ నిశ్శేషతయే ఉగ్రత. శాంతి యనిపించు ఉపసంహారమున బీజము మిగులవచ్చును. ఉగ్రగ్రాసమున మిగులదు. అందుచేత ఉగ్రరూపము సాధకునకు అనుగ్రహరూపమే యని తేలుచున్నది.

సంఖ్యా వివాదము

కాళులు పండ్రెండుగురా, పదుమువ్వురా? ఇది ప్రాచీనవివాదము. అనాఖ్యాచక్రమున పదుమూడు శక్తులు పూజ్యములని కొన్ని ఆగమములును, మహార్థమంజరీపరంపరయు చెప్పుచున్నవి. తంత్రాలోకమున పండ్రెండే వివరింపబడినవి. జయరథుడు ఈ వివాదమును విస్తరించి చర్చించి, గ్రంథకారుని తాత్పర్యము ద్వాదశసంఖ్యయందే యని స్థాపించెను. నామముల వరుస సైతము గ్రంథములందు ఏకరూపముగా లేదు. జ్ఞానోదయానుసారియైన సంవిత్క్రమము వేఱు, అర్చనానుసారియైన పూజాక్రమము వేఱు అని గ్రహించినచో ఈ వైషమ్యము చాలవఱకు శమించును.

సంఖ్యావిషయమున కూడ ఇదే మార్గమున సమన్వయము సాధ్యము. కలనమున కొక అర్థము సంఖ్యానము. లెక్కించునది లెక్కింపబడువానిలో చేరదు. ద్వాదశారచక్రమునకు నాభియైన సంవిత్తే పండ్రెండింటిని కలనము చేయుచున్నది. ఆమెను పదుమూడవదిగా చేర్చినచో సాక్షిని సాక్ష్యముగా చేసినట్లగును. తత్త్వనిరూపణమున పండ్రెండనుట ఈ దోషమును వారించుచున్నది. పూజయందు మాత్రము మధ్యస్థానము శూన్యముగా విడువరాదు. వేదాంతమున దశమన్యాయము ప్రసిద్ధము. నది దాటిన పదుగురిలో లెక్కించువాడు తన్ను మఱచి తొమ్మండుగురే యని దుఃఖించును. ఆవరణశక్తుల నర్చించుచు మధ్యనున్న స్వసంవిత్తును మఱచు సాధకుడు ఆ దశముని వంటివాడు. పదుమూడనుట ఆ విస్మృతిని వారించుచున్నది. ఒక సంఖ్య ఆత్మను విషయముగా చేయు దోషమునుండియు, మఱియొక సంఖ్య ఆత్మను మఱచు దోషమునుండియు రక్షించుచున్నవి. రెండు సంఖ్యలును సార్థకములే, విషయభేదముచేత విరోధము లేదు.

ఆచార్యుడు తంత్రాలోక ప్రథమాహ్నికముననే ఏకశక్తి మొదలు యామళ, త్రిక, చతుష్క, పంచకాదులుగా, ద్వాదశారముగా, సహస్రారముగా, చివరకు సంఖ్యాతీతమైన అరములు గల విశ్వచక్రముగా పరమేశ్వరుడు విజృంభించునని సూచించెను. కావున సంఖ్యయందు అభినివేశము ఆతనికి సమ్మతము కాదు. పన్నిక తెలియుటకే సంఖ్య.

అర్చన, అధికారము

ఈ కాళీచక్రార్చన యెట్టిది? శాక్తోపాయమున స్నాన, అర్చన, హోమ, జప, వ్రతములకు ఆచార్యుడు చెప్పిన అర్థము ఆంతరము. సర్వభావములను పరమేశ్వరునియందు అర్పించుట యాగము. భావభేదమును చిదగ్నియందు దగ్ధము చేయుట హోమము. యోగాంగములలో తర్కమే ఉత్తమమైన దని ఆతని సిద్ధాంతము. ఇచ్చటి తర్కము శుష్కవాదము కాదు, హేయోపాదేయవివేకము. ఘటమును చూచు ప్రతిక్షణమునను సృష్టికాళి మొదలు చండకాళివఱకు చక్రము తిరుగుచునే యున్నది. తెలియనివానికి అది బంధము, తెలిసినవానికి అదియే పూజ.

యమకాళిని గూర్చిన అపార్థము నిచ్చట నివారింపవలెను. ఆమె విధినిషేధశంకను మ్రింగును గావున సాధకునకు నిషేధమే లేదని కొందఱు భావింతురు. ఇది అసంగతము. మొదట, ఆమె శంకను మ్రింగుటయే కాదు, విప్పారజేయుటయు చెప్పబడినది. శంక యుదయింపనివానికి గ్రాసమే లేదు. రెండవది, ఆమె ద్వాదశమున నాల్గవది మాత్రమే. శంక తొలగినంతనే పూర్ణత్వము సిద్ధించినచో తక్కిన ఎనమండుగురు నిరర్థకులగుదురు. శంకానాశానంతరము అభిమాననాశము చెప్పబడియుండగా, శంకను విడిచి అభిమానమును పెంచుకొనుట మధ్యేమార్గపతనము. మూడవది, గ్రసింపబడునది శంకారూపమైన సంకోచమే కాని ధర్మము కాదు. గురుముఖమున క్రమము తెలిసికొనక గ్రంథమాత్రమున ప్రవర్తించువానికి ఈ మార్గము ప్రమాదకర మగుట ఇందుచేతనే. రహస్యమనుటకు దాచిపెట్టుట యని కాక, క్రమము తప్పక గ్రహింపవలసినది యని అర్థము చెప్పుట సమంజసము. క్రమదర్శన మను నామమునకును ఇదియే సార్థక్యము.

దక్షిణదేశ వ్యాప్తి

ఈ విద్య కాశ్మీరమునకే పరిమితము కాలేదు. చోళదేశవాసియైన మహేశ్వరానందుడు సుమారు క్రీ.శ. 1300 ప్రాంతమున మహార్థమంజరిని మాహారాష్ట్రప్రాకృతమున 70 గాథలుగా రచించి, సంస్కృతమున పరిమళమను స్వోపజ్ఞవ్యాఖ్య వ్రాసెను. మహాప్రకాశు డాతని గురువు. సిద్ధయోగిని దర్శనమిచ్చి సప్తసంఖ్యాముద్రను చూపుటచేత డెబ్బది గాథలు రచింపబడెనని ఆతడే చెప్పుకొనెను. సంస్కృత, ప్రాకృత, కాశ్మీరభాషలు మూడింటను ఈ దర్శనము ప్రతిపాదింపబడుటవలన దీని ప్రచారవైశాల్యము తెలియుచున్నది.

ఉపసంహారము

ఇట్లు కాళీశబ్దము వర్ణమాత్రవాచి కాదనియు, ధాతుపాఠసమ్మతములైన అయిదర్థములు దానియందు సంగతములగుననియు, ద్వాదశనామములు ప్రమేయ, ప్రమాణ, ప్రమాతృదశల లయక్రమమును చెప్పుచున్నవనియు, ద్వాదశ, త్రయోదశసంఖ్యలకు తత్త్వార్చనవిషయభేదముచేత విరోధము లేదనియు, యమకాళీతత్త్వము స్వైరాచారమునకు ప్రమాణము కాదనియు తేలినది. శబ్దశాస్త్రమున పరిశ్రమించిన ప్రాచ్యకళాశాలా విద్యార్థులకు తంత్రాలోక చతుర్థాహ్నికమున ప్రవేశించుటకు ధాత్వర్థమార్గ మొకటి సిద్ధముగా నున్నది. క్రమకేళి లుప్తమైనను, వివేకాది గ్రంథములందు చెదరియున్న దాని ఉల్లేఖములను ఏర్చి కూర్చి, నామక్రమభేదములను గ్రంథగ్రంథమునకు పోల్చి పట్టికగా నిర్మించుట ఈ విషయమున తరువాత చేయదగిన పని. ఆ పని జరిగినపుడు సంవిత్క్రమ, పూజాక్రమముల పరస్పరసంబంధము మఱింత స్ఫుటము కాగలదు.